గాలిలో వచ్చిన చేతులు

ఆ వీధిలో అందరూ నమ్మిన సంగతి ఒకటుంది. రెండో అంతస్తు వార్తలమ్మాయిని కేబులబ్బాయి పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడనీ, ఆమె ముఖం మీదే కాదందనీ, ఆ అక్కసుతో మర్నాడు పొద్దున్నే ఆమె కనిపించే ఛానెల్‌ను వీధి మొత్తానికీ పీకేశాడనీ.

మందుల దుకాణం పెద్దాయన దీన్ని వారాలతో సహా చెప్పేవాడు. మంగళవారం సాయంత్రం మెట్ల మీద ఇద్దరికీ మాటా మాటా అయింది. బుధవారం ఉదయం ఛానెల్ పోయింది. ఇంకేం కావాలి అనేవాడు. ఇస్త్రీ దుకాణం ఆవిడ ఇంకో అడుగు ముందుకు వేసి, అమ్మాయి "ఛీ" అనడం తన చెవులతో తాను విన్నానని చేర్చింది. ఆమె దుకాణం వీధికి ఆ చివర ఉంది. అయినా ఇలాంటి సాక్ష్యాలకు దూరం ఎంతో ఎవరూ కొలవరు. వరసగా జరిగిన రెండు సంగతులను చూస్తే చాలు, మొదటిదాన్ని రెండోదానికి కారణం చేసేయడం మనిషికి మహా సులువు.

మంగళవారం గొడవ జరిగిన మాట మాత్రం నిజం.

ఆ సాయంత్రం అతను నిచ్చెన మీద నిలబడి మెట్ల పైకప్పుకు వైరు బిగిస్తున్నాడు. నల్లటి వైరు చుట్ట ఒకటి మెట్ల మీదికి వేలాడుతోంది. నడివయసు దాటిన ఒకావిడ బట్టల మూట ఎత్తుకుని ఎక్కివస్తోంది. "అమ్మా, వైరు" అని అతను మూడుసార్లు కేకేశాడు. ఆవిడ తలెత్తలేదు. కాలు వైరులో పడింది, మూట దొర్లిపోయింది. మెట్ల కమ్మీ పట్టుకుంది కాబట్టి ఆవిడ మాత్రం పడలేదు. భయపడ్డ మనిషికి ముందుగా వచ్చేది కోపమే.

"ఎన్నిసార్లు పిలవాలమ్మా? వినపడదా ఏంటి?" అన్నాడు.

జవాబు పై మెట్టు నుంచి వచ్చింది.

"వినపడదు. పుట్టినప్పటినుంచీ."

రెండో అంతస్తు తలుపు దగ్గర ఒక అమ్మాయి నిలబడి ఉంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే అతనికి కాస్త సులువుగా ఉండేది.

"మీరు పైకప్పు చూసుకుంటూ పనిచేస్తారు, సరే. కింద నడిచేవాళ్ళంతా మీ కేకలు విని తప్పుకోవాలంటే ఎలాగండీ?"

అతను దిగివచ్చి, చెల్లాచెదురైన గుడ్డముక్కలన్నీ ఏరి మడతపెట్టాడు. పెట్టిన ప్రతి మడతా తప్పే. ఆవిడ వాటిని తీసుకుని, విప్పి, మళ్ళీ మడిచి, కూతురి వైపు తిరిగి చేతులతో ఏదో అంది. అమ్మాయి నవ్వు ఆపుకుంది. ఏమన్నారని అతను అడిగితే, చెప్పనా వద్దా అన్నట్టు తల్లి వైపు చూసి చెప్పింది.

"మనిషి నిచ్చెనంత ఉన్నాడు, మడత మాత్రం రాదు అంటోంది."

గొడవంతా ఇంతే. మర్నాడు ఉదయం ఆ ఛానెల్ స్థానంలో నీలం తెర వచ్చింది. ధర కుదరనందున ప్రసారం నిలిచిపోయిందని దాని మీద రెండు వరుసలు. కేబుల్ కంపెనీకీ ఛానెల్ వాళ్ళకీ ఇంటికింత అనే రేటు దగ్గర తగాదా. అతను ఎన్నడూ చూడని ఏదో భవనంలో, అతను ఎన్నడూ చూడని ఎవరో ఒక మీట నొక్కారు. మధ్యాహ్నానికల్లా అతనికి వంద ఫోన్లు వచ్చాయి.

సాయంత్రం ఆ అమ్మాయే కేబుల్ ఆఫీసుకు వచ్చింది.

"మెట్ల మీద నేనన్నది మిమ్మల్ని. ఛానెల్ ఏం చేసింది పాపం?"

"నా చేతిలో ఉండేది ఈ కటింగ్ ప్లయరొక్కటేనండీ" అన్నాడతను. "ఛానెల్ ఆపేంత పెద్దవాణ్ణయితే ఈ ఎండలో నిచ్చెన ఎందుకు మోస్తాను?"

ఆ మాటలో తర్కం ఆమెకు నచ్చినట్టుంది. వైరు చుట్ట మీదే కూర్చుని విషయం చెప్పింది. ఒంటిగంట వార్తల్లో తెరకు కుడివైపు కింద ఒక గుండ్రని కిటికీ ఉంటుంది. అందులో నిలబడి, చదువుతున్న వార్తను వినపడనివాళ్ళ కోసం చేతులతో చెప్పేది ఆమె. ఉద్యోగం ఇంకా పరీక్ష మీదే ఉంది. నిలుస్తుందో ఊడుతుందో నెల రోజుల్లో తేలుతుంది. చేతుల మాట ఆమె తల్లి ఒళ్ళోనే నేర్చుకుంది. కానీ ఇంటి మాట వేరు, వార్తల మాట వేరు. తల్లి రోజూ ఒంటిగంటకు కుట్టుమిషను ఆపి టీవీ ముందు కూర్చుంటుంది, తప్పులన్నీ కాగితం మీద రాసుకుంటుంది, సాయంత్రం కూతురిని నిలబెట్టి దిద్దుతుంది. స్టూడియోలో రికార్డింగు బయటికి ఇవ్వరు.

"మొన్న తుఫాను దాటిపోయిందని చెప్పాల్సింది, దాటబోతోందన్నట్టు చెప్పాను. అమ్మే పట్టుకుంది. స్టూడియోలో ఒక్కరికీ తెలీలేదు. కానీ చూసేవాళ్ళకు నేను చెప్పిందే కదా వార్త? అమ్మ చూడకపోతే నా తప్పులు నాకెవరు చెబుతారు?"

అతనికి చిన్నతనంగా అనిపించింది. ఆరేళ్ళుగా వందల ఇళ్ళలో ఆ ఛానెల్ పెట్టి చూపించాడు. బొమ్మలో గళ్ళున్నాయా లేవా అని తప్ప బొమ్మలో ఎవరున్నారో చూడలేదు.

దారులు వెతికారు. ఫోన్లో చూడవచ్చు, కానీ ఆ చిన్న తెరలో గుండ్రని కిటికీ కందిగింజంత అవుతుంది, నెట్ తడబడినప్పుడల్లా వేళ్ళు మధ్యలో మాయమవుతాయి. వేళ్ళు మాయమవడమంటే ఆ భాషలో అక్షరాలు ఎగిరిపోవడమే. డిష్ పెట్టించుకోవచ్చు, కానీ డిష్ వాళ్ళకూ ఆ ఛానెల్‌తో అదే తగాదా నడుస్తోంది.

"ఇది గాల్లో కూడా వస్తుందా?" అని అతను అడిగాడు.

"టవర్ నుంచి వదులుతూనే ఉంటారు. ఇప్పుడెవరు పట్టుకుంటున్నారు?"

అతను ఆఫీసు వెనక గది తలుపు తీశాడు. లోపల చేపముళ్ళలా ఉన్న పాత యాంటెనాలు నడుమెత్తు పేరుకుని ఉన్నాయి. కొత్తగా కేబుల్ తీసుకున్న ఇంటి డాబా మీది యాంటెనాను ఆ రోజే దింపి తెచ్చేయడం ఆ ఆఫీసు పద్ధతి. మళ్ళీ మనసు మార్చుకోకుండా. ఆ కుప్పలో సగం అతను దింపినవే. యజమాని చూడకముందే ఒకటి గుడ్డలో చుట్టి పక్కన పెట్టాడు.

గురువారం మధ్యాహ్నం పన్నెండున్నరకు ఆ ఇంటి డాబా ఎక్కాడు. అమ్మాయి స్టూడియోకు వెళ్ళిపోయింది. కింద తల్లి ఒక్కతే ఉంది. టీవీ బాల్కనీలోంచి కనిపిస్తుంది, బాల్కనీ డాబా అంచు నుంచి కనిపిస్తుంది. పిడికిలి చూపితే రాలేదని, అరచెయ్యి చూపితే వచ్చిందని ముందే ఒప్పందం. అయినా పైపు బిగించగానే అలవాటు కొద్దీ "వచ్చిందా" అని కేకేసి, తానే నాలుక్కరుచుకున్నాడు.

కిందనుంచి పిడికిలి లేచింది. ఇటు తిప్పితే పిడికిలి. అటు తిప్పితే పిడికిలి. ఒంటిగంటకు ఇంకా అయిదు నిమిషాలే ఉంది. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. వంగి చూసేసరికి బాల్కనీలో ఆవిడ కూడా లేదు. విసిగి వెళ్ళిపోయిందనుకున్నాడు.

ఆవిడ డాబా మీదికే వచ్చింది. మెడలో కొలత టేపు, వేళ్ళకు సుద్ద. యాంటెనాను చూసింది, అతన్ని చూసింది, భుజాలు అదిరేలా చప్పుడు లేకుండా నవ్వింది.

యాంటెనా ఆకాశం వైపు చూస్తోంది. ఆరేళ్ళుగా కేబుల్ ఆఫీసు డాబా మీది డిష్‌లు సరిచేసిన చెయ్యి అది. బొమ్మలు పైనుంచే దిగుతాయని నేర్చుకున్న ఒళ్ళు. ఇన్ని యాంటెనాలు దింపినా అవి ఎటు చూస్తున్నాయో ఏనాడూ గమనించలేదు. ఏ కుర్రాడినైనా పిలిచి బిగించమంటే పక్కింటి పాత యాంటెనా చూసి సరిగ్గా పెట్టేవాడేమో. కేబుల్ పని తెలిసినవాడికే ఆ తప్పు సాధ్యం.

ఆవిడ పైపు పట్టుకుని యాంటెనాను నేలకు సమంగా వంచింది. నీళ్ళ ట్యాంకు పక్కనుంచి, ఊరి అవతల కొండ మీద నిలబడ్డ ఎర్రా తెల్లా టవరు వైపు, సూదికి గుడ్డ అందించినంత నెమ్మదిగా తిప్పింది. తర్వాత అతని భుజం మీద తట్టి కిందికి చూపించింది. వెళ్ళి చూడమని.

అతను మెట్లు రెండేసి చొప్పున దిగి టీవీలో ఛానెళ్ళు మళ్ళీ వెతికించి, నిలబడిపోయాడు.

తెర మీద ఆమె ఉంది. గుండ్రని కిటికీలో, నల్ల చొక్కాలో. ఏదో ఊళ్ళో వంతెన తెరిచారన్న వార్తకు ఆమె రెండు చేతులూ ఎదురెదురుగా వచ్చి మధ్యలో కలుసుకున్నాయి, వాటి కింద వేళ్ళు నీళ్ళలా కదిలాయి. వంతెన అన్న మాట విన్నవాడికి మాటే దొరుకుతుంది. అతనికి వంతెన కనిపించింది.

ఆ బొమ్మకు ఏ తీగా లేదు. తీగతో సంబంధం ఉన్నదల్లా డాబా మీదినుంచి టీవీ దాకా ఉన్న ఇరవై అడుగులే. కొండకూ డాబాకూ నడుమ పన్నెండు కిలోమీటర్ల వట్టి గాలి. వెలుగుకు కంటికి కనపడని తోబుట్టువు లాంటి ఒక అల ఆ దూరాన్ని సెకనులో పాతికవేలవ వంతులో దాటి వస్తోంది. ఇప్పుడే మొదలైంది కాదు. అతను నిచ్చెన మోసుకుంటూ తిరిగిన వీధుల్లో, కేబుల్ ఆఫీసు గోడల్లోంచి, మొన్న మెట్ల మీద గొడవకు ముందు కూడా, రోజూ ఒంటిగంటకు ఈ చేతులు వెళుతూనే ఉన్నాయి. తన చొక్కాలోంచి, తనలోంచి కూడా. పట్టుకునే ముల్లు ఒకటి లేక తెలియలేదు, అంతే. ఆ ముళ్ళను ఊరంతా తిరిగి పీకినవాడు తానే.

ఆవిడ వచ్చి కుర్చీలో కూర్చుని కాగితం, పెన్సిలు తీసుకుంది. మూడు తప్పులు రాసింది.

ఆ సాయంత్రం తల్లి మూడు తప్పులూ దిద్దుతుంటే, కూతురు సగంలో ఆగి ఆమెను గట్టిగా పట్టుకుందని అతనికి తర్వాత తెలిసింది.

తగాదా సాగింది. గాలికి యాంటెనా తిరుగుతోందనో, కాకి వాలిందనో, బోల్టు వదులైందనో అతను రోజూ మధ్యాహ్నం వచ్చేవాడు. వారం తర్వాత కారణం చెప్పడం మానేశాడు. ఆవిడ టీవీ ముందు రెండో కుర్చీ వెయ్యడం మొదలుపెట్టింది. ఒక్కో వార్తకూ ఒక్కో చేతిమాట నేర్పింది. వర్షం, ఎన్నిక, ధర, ప్రమాదం. అతని వేళ్ళు మొద్దు. నిచ్చెనలు పట్టిన వేళ్ళు. ఆవిడ వాటిని పట్టుకుని, మడిచి, తెరిచి, సరిచేసేది. ఆదివారాలు కూతురు ఇంట్లో ఉండేది.

"నిన్న రెండే తప్పులంట కదా?" అంది ఒక ఆదివారం గర్వంగా.

"మూడండీ. అమ్మగారు ఒకటి వదిలేశారు."

"ఓహో. కేబులుగారు నాకు మార్కులు వేస్తున్నారా? ఏదీ, ఆ మూడోది చూపించండి."

చూపించాడు. అతను సరైనదనుకుని చూపించింది కూడా తప్పే. ఆమె నవ్వుతూనే అతని చూపుడువేలును అర అంగుళం పక్కకు జరిపింది. ఆ తర్వాత ఆ వేలును ఇద్దరిలో ఎవరూ తొందరగా వెనక్కి తీసుకోలేదు.

వీధి కూడా ఊరుకోలేదు. చేసిన తప్పుకు కుర్రాడు ఇంటికెళ్ళి రోజూ క్షమాపణ చెప్పుకుంటున్నాడని మందుల దుకాణం పెద్దాయన తన కథకు ఇంకో గది కట్టుకున్నాడు.

నెల తిరిగేసరికి అమ్మాయి ఉద్యోగం నిలిచింది. వారమంతా ఒక్క తప్పూ లేకుండా చెప్పిందని వినపడనివాళ్ళ సంఘం నుంచి స్టూడియోకు ఉత్తరం వచ్చిందట. అతను సంతోషించాడు. కొద్దిరోజులకే ఒక శనివారం కంపెనీకీ ఛానెల్‌కూ రాజీ కుదిరి, కేబుల్లో నీలం తెర పోయి వార్తలు వచ్చాయి. అప్పుడు మాత్రం సంతోషించలేకపోయాడు. ఇక ఆ ఇంటికి వెళ్ళడానికి అతనికి ఏ పనీ లేదు. యాంటెనా సంగతి ఎవరు చెప్పారో గానీ యజమాని పిలిచి, దింపి తీసుకురమ్మన్నాడు.

ఆదివారం సాయంత్రం స్పానరుతో వెళ్ళాడు. ముందు బోల్టు దగ్గరికి కాదు, కుట్టుమిషను దగ్గరికి వెళ్ళాడు. వచ్చినంత మేరకు చేతులతో, రానిది కాగితం మీద రాసి, ఒక వాక్యం నేర్పమని ఆవిడను అడిగాడు. ఆవిడ కాగితం చదివింది. అతని ముఖం వైపు చాలాసేపు చూసింది. తర్వాత మిషను మీది గుడ్డ పక్కకు తీసి, అతని చేతులు పట్టుకుని నేర్పింది. పదకొండుసార్లు చేయించింది.

డాబా మీద అమ్మాయి ఆరిన బట్టలు తీస్తోంది.

"దింపేస్తున్నారా?" అంది, యాంటెనా వైపు చూడకుండా.

అతను స్పానరు గోడ మీద పెట్టి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని, ఆ వాక్యం చెప్పాడు. ఆమె వృత్తి కొద్దీ చివరిదాకా చూసింది.

"ఎవరు నేర్పారు?"

"అమ్మగారు."

"ఎవరితో చెప్పడానికని అడిగిందా?"

"అడగలేదు."

ఆమె చేతిలోని బట్టలు తీగ మీద వేసింది. జవాబు చెప్పడానికి రెండు చేతులూ కావాలి. ఎర్రబడిన ఎండలో ఆ చేతులు నెమ్మదిగా కదిలాయి. అతనికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. యాంటెనా ఆ రోజు దిగలేదు.

అది ఛానెల్ పోయిన నలభయ్యో రోజు. అతను ఆమెను పెళ్ళి మాట అడగడం అదే మొదటిసారి, ఆమె కాదనలేదు.