చీఫ్ అరిచిన పేరు

రత్నరాజు ఉల్లిపాయల బస్తా మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే చచ్చిపోయాడు.

పూర్ణా మార్కెట్ హోల్‌సేల్ వరసలో పొద్దుటి రద్దీ. తలకు తువ్వాలు చుట్టుకుని, కళాసీ వేషంలో యోహాన్ అక్కడికి చేరేసరికి బస్తాలు దిగుతున్నాయి, బేరాలు సాగుతున్నాయి. పోర్టులో టగ్ బోటు మీద పనిచేసే రత్నరాజు మాత్రం గోడకి జారగిలబడి ఉన్నాడు. చొక్కా మీద చిన్న కన్నం. సైలెన్సర్ పిస్టల్. పక్కన వెల్లుల్లి అమ్ముకునే ముసలమ్మ అతను కునుకు తీస్తున్నాడనే అనుకుంది.

యోహాన్ వంగి ఆ కళ్ళు మూశాడు. "ప్రభువా!" అనుకున్నాడు. ఆ వెంటనే అరికాలి మంట నెత్తికెక్కింది. రత్నరాజుని ఇక్కడికి రమ్మన్న సంగతి ఈ భూమ్మీద ఇద్దరికే తెలుసు. ఒకడు తను. రెండోవాడు చీఫ్ కృష్ణంరాజు.

మద్దిలపాలెంలో ఓ బట్టల షాపు మీద మేడలో 'సీబ్రీజ్ కన్సల్టెన్సీ' అని బోర్డుంటుంది. ఆ బోర్డు వెనక ఉన్నది దేశ రక్షణ నిఘా విభాగం. యోహాన్ అందులో ఫీల్డ్ ఏజెంట్. అసైన్‌మెంట్ ఒక్కటే. 'ఆల్బట్రాస్' అనే విదేశీ ముఠా ఔటర్ హార్బర్ దగ్గర సముద్రం అడుగున హైడ్రోఫోన్లు పాతుతోంది. మన జలాంతర్గాములు వచ్చేపోయే చప్పుడు విని, రికార్డు చేసి పంపే యంత్రాలవి. వాటిని నీళ్ళలోకి దింపుతుంటే కళ్ళారా చూసిన ఒకే ఒక్క మనిషి రత్నరాజు. ఇప్పుడు ఆ సాక్ష్యం ఉల్లి బస్తాల మధ్య చల్లబడిపోయింది.

డిపార్ట్‌మెంట్ రూలు ప్రకారం ఇన్‌ఫార్మర్ చనిపోతే ఏజెంట్ ఆఫీసు ఛాయలకి కూడా వెళ్ళకూడదు. వెంటాడేవాడు వెనకే వస్తాడు కనక. ఏం మాట్లాడినా ఫోన్లోనే, అదీ డిపార్ట్‌మెంట్ వాళ్ళ సొంత యాప్ 'గవ్వ'లోనే. ప్రపంచంలో ఎవడూ ట్యాప్ చెయ్యలేడని దానికి పేరు.

యోహాన్ గోపాలపట్నంలో పిండిమర మీద ఉన్న సేఫ్ రూమ్‌కి చేరాడు. చీఫ్ మీద అనుమానం పుండులా సలుపుతోంది. పదేళ్ళు తండ్రిలా చూసుకున్న మనిషి! అమ్మేశాడా?

అంతలో మామూలు ఫోన్ కాల్ వచ్చింది. జాలరి ఎల్లాజీ. యోహాన్‌కి సముద్రం మీద కన్ను అతనే. వెనక బోటు ఇంజను రొద.

"బావా! వల్లో ఓటి పడింది. సేప కాదు. సిలిండర్నాగుంది. ఎర్ర దీపం ఎలుగుతంది."

యోహాన్ ఎగిరి నిలబడ్డాడు. "ముట్టుకోకు!"

"ముట్టుకోకండా వల్లోంచి ఎలా తీత్తాను బావా? బాగానే సెప్తావు. మజ్జానం సేపల ఏలం పాటకి ఫిషింగ్ హార్బర్‌కి వచ్చెత్తన్నాను. మా అప్పాయమ్మ ఎలాగూ ఆడే ఉంటాది." లైను తెగిపోయింది.

రిపోర్ట్ చెయ్యకుండా ఉండలేడు. సిలిండర్ అందుకోవడానికి నేవీ మనుషులు కావాలి, ఆ మనుషుల్ని పిలవాల్సింది చీఫ్. పళ్ళు కొరుక్కుంటూ గవ్వ తెరిచాడు. ఎల్లాజీ కోడ్ నేమ్ చందువ, ఓ చేప పేరు.

"సార్. చందువకి సరుకు దొరికింది."

అవతల్నించి చీఫ్ గొంతు చీమ మాట్లాడినట్టు వచ్చింది. మొన్న సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయినప్పట్నుంచీ ఇదే గోల. వాల్యూమ్ బటన్ చివరిదాకా నొక్కినా ఇంతే.

"ఏమిటీ?"

"చందువ, సార్! మధ్యాహ్నం ఒడ్డుకి వస్తోంది!"

"ఒక్క ముక్క వినపడటం లేదయ్యా. ఉండు, స్పీకర్‌లో పెడతాను... ఆఁ, చెప్పు. చందువ అంటే ఎవరు? మన ఎల్లాజీయేనా? జాలారిపేట ఎల్లాజీ?"

యోహాన్ గబుక్కున అడ్డుపడ్డాడు. "సార్, పేర్లొద్దు!"

"ఎల్లాజీయే కదా అంటున్నాను! ఎక్కడికి వస్తున్నాడు?"

"పాత చోటుకే."

"ఫిషింగ్ హార్బరా? ఫిషింగ్ హార్బరేనా? అవునో కాదో చెప్పి చావు, గొణగకు!"

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది, కాకపోతే ఈ చెవిటివాడు ఆ శంఖాన్ని లాక్కుని తిరిగి ఊదుతున్నాడు. యోహాన్ ఫోన్ మంచం మీదకి గిరాటేశాడు. లక్ష రూపాయల సెట్టు! అప్‌డేట్‌లు ఇచ్చేవాడి చెవులు మెలెయ్యాలి! ఎవడడిగాడు వీళ్ళని? బాగా పనిచేస్తున్నదాన్ని కెలికి, పాడుచేసి, 'కొత్త ఫీచర్లు చూడండి' అని పైగా నవ్వు బొమ్మొకటి!

అనూరాధకి చేశాడు. ఆఫీసు సైబర్ సెల్ మొత్తం ఆమే. పట్టుచీర కట్టినా జీన్స్ వేసినా మద్దిలపాలెం జంక్షన్‌లో ట్రాఫిక్ నెమ్మదించాల్సిందే. అంతకంటే ముఖ్యం, ఆమె డబుల్ ఏజెంట్. ఆల్బట్రాస్‌కి అమ్ముడుపోయినట్టు నటిస్తూ వాళ్ళకి తప్పుడు కబుర్లు అందించడం ఆమె డ్యూటీ. ఇన్‌ఫార్మర్ల పేర్లు మాత్రం ఆమెకి తెలియవు. అవి ఏజెంటుకీ చీఫ్‌కీ మధ్యే ఉంటాయి.

"అప్‌డేట్ తర్వాత అందరిదీ అదే కంప్లయింట్, యోహాన్." గొంతు తేనె. "రీస్టార్ట్ చేశావా?"

"నాలుగుసార్లు."

"బ్లూటూత్ ఆఫ్ చెయ్యి. స్పీకర్ జాలీలో దుమ్ముంటుంది, పాత టూత్‌బ్రష్‌తో మెల్లిగా తుడువు. పౌచ్ తీసి చూడు. అప్పటికీ రాకపోతే సేఫ్ మోడ్‌లో ఆన్ చెయ్యి. అప్పటిదాకా స్పీకర్ పెట్టుకుని మాట్లాడు, ఏముంది? చీఫ్‌కీ అదే చెప్పాను."

బ్లూటూత్ ఆపాడు. పౌచ్ పీకాడు. జాలీ తోమాడు. సేఫ్ మోడ్‌లో పెట్టి పాటొకటి వేశాడు. కింద పిండిమరవాడు తలెత్తి చూసేంత మోత! బ్యాంకు కస్టమర్ కేర్‌కి మామూలు కాల్ చేస్తే ఆ అమ్మాయి చెవిలో కూర్చుని మాట్లాడింది. మళ్ళీ గవ్వలో చీఫ్ నంబర్ కలిపి, ఆయన 'హలో' అనేలోగా కట్ చేశాడు. రింగు కూడా చీమే.

అప్పుడు తట్టింది.

అనూరాధ మాట్లాడింది కూడా గవ్వలోనే. ఆమె గొంతు ఖంగుమని వినపడింది!

యోహాన్ మంచం మీద కూలబడ్డాడు. దుమ్ము పడితే అందరి గొంతూ తగ్గాలి. అప్‌డేట్ చెడితే యాప్ అంతా చెడాలి. చీఫ్‌తో మాట్లాడినప్పుడు మాత్రమే చెవి మూసుకుపోయే జబ్బు ఏ ఫోనుకీ రాదు. ఎవరో తెప్పించారు. ఆ అప్‌డేట్ అందరి ఫోన్లలో ఎక్కించిందెవరు? అనూరాధ. చీఫ్ గదికీ ఆమె సీటుకీ మధ్య ఉన్నదేమిటి? ప్లైవుడ్ చెక్క.

గవ్వని ట్యాప్ చెయ్యలేమని ఆమెకి తెలుసు. గదిలో మైకు పెడితే వారం వారం చేసే తనిఖీలో దొరుకుతుందనీ తెలుసు. అందుకని వాల్యూమ్ తగ్గించి ఊరుకుంది. వినపడని మనిషి ఏం చేస్తాడు? స్పీకర్ పెడతాడు. గొంతు పెంచుతాడు. విన్నది సరో కాదో అని ప్రతి ముక్కా తిరిగి అడుగుతాడు. మొన్న కూడా అంతేగా! 'పూర్ణా మార్కెట్టా? ఉల్లిపాయల వరసా? రత్నరాజేనా?' అని చీఫ్ అరిచిన అరుపులు ఇప్పుడు చెవిలో గింగురుమంటున్నాయి.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగకైతే తాళం చేతికిచ్చి, 'తలుపు ఇటు పక్క' అని కేకేసి మరీ చెప్పారు.

యోహాన్ ఒళ్ళంతా మండిపోయింది. చీఫ్‌ని అనుమానించినందుకు సిగ్గేసింది. ఆ సిగ్గు మీద మళ్ళీ కోపం వచ్చింది. కానీ ఇప్పుడు ఎల్లాజీ పేరూ, చోటూ రెండూ ఆమె చెవిన పడ్డాయి. ఎల్లాజీకి ఫోన్ చేశాడు. రింగవుతోంది, ఎత్తడం లేదు. ఇంజను రొదలో ఎక్కడ వినపడుతుంది!

చీఫ్ దగ్గర గవ్వ తప్ప మరో ఫోన్ లేదు, ఆయనకి నిజం చెప్పాలన్నా స్పీకర్లోనే చెప్పాలి. సరే, స్పీకర్ ఉంది కదా, అదే వాడుకుందాం అనుకున్నాడు.

"సార్! చోటు మారింది! చందువ భీమిలికి వస్తోంది!"

"భీమిలా? ఇందాక ఫిషింగ్ హార్బర్ అన్నావు కదయ్యా!"

"మారింది సార్. భీమిలి!"

"ఎందుకు మారింది? పాటకి ఫిషింగ్ హార్బరే కదా దగ్గర?"

"భీమిలి అంటే భీమిలి! మీకు దణ్ణం పెడతాను, ఎదురడక్కండి!" అని అరిచి పెట్టేశాడు. చీఫ్ మీద గొంతెత్తడం అదే మొదటిసారి, కాస్త హాయిగానే ఉంది. తర్వాత మామూలు ఫోన్లో మెరైన్ పోలీసులకి చెప్పాడు. ఆల్బట్రాస్ మనుషులు భీమిలి ఒడ్డుకి వస్తారు, కాచుకుని ఉండండి అని.

బైకు తీశాడు. ఎన్ఏడీ ఫ్లైఓవర్, కాన్వెంట్ జంక్షన్, లారీల మధ్య సందులు. హారన్ మీద నుంచి బొటనవేలు తియ్యలేదు.

ఫిషింగ్ హార్బర్లో వేలం పాట మంచి ఊపు మీద ఉంది. గుట్టలు గుట్టలుగా చేపలు, ఐసు, తోపుడు బళ్ళు, ఇసకేస్తే రాలని జనం. ఎల్లాజీ భార్య అప్పాయమ్మ ఖాళీ గంపల పక్కన నిలబడి చీర కొంగు బిగిస్తోంది. యోహాన్ ఊపిరి పీల్చుకోబోయాడు.

జెట్టీ చివర, టోపీ, నల్లకళ్ళద్దాలు, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు. రొయ్యల కంపెనీ బయ్యర్‌లా ఉంది. చేతిలో థర్మోకోల్ పెట్టె. అంతమంది కొనేవాళ్ళలో చేపల వైపు చూడకుండా సముద్రం వైపు చూస్తున్నది ఆమె ఒక్కతే. అనూరాధ. పెట్టె మూత కింద కుడిచెయ్యి ఉంది.

ఎల్లాజీ బోటు అప్పటికే లోపలికి వచ్చేసింది. ముందు భాగంలో నిలబడి తాడు విసరడానికి సిద్ధంగా ఉన్నాడు. జెట్టీ ఎక్కితే ఆమెకి ఎదురుగా ఎక్కుతాడు. యోహాన్‌కీ ఆమెకీ మధ్య నూరు మంది. పిస్టల్ తియ్యలేడు. పరిగెత్తితే ఆమె చూస్తుంది.

"అప్పాయమ్మక్కా! ఎల్లాజీని ఒడ్డుకి రావద్దను!"

"ఏటి?"

"చంపేస్తారక్కా!"

ఆమె రెండోమాట అడగలేదు. గంప బోర్లించి ఎక్కింది. పాతికేళ్ళుగా ఈ రేవులో పాట పాడిన గొంతది. మొగుణ్ణి ఎప్పుడూ కొడుకు పేరు మీదే పిలుస్తుంది.

"ఓ సన్నిగాడయ్యో! ఎనక్కి తిప్పు! బోటు ఎనక్కి తిప్పెహె! సంపేత్తారంట్రోయ్!"

పాటగాడు నోరు మూశాడు. బళ్ళు ఆగాయి. బోటు మీద ఎల్లాజీ తాడు వదిలేసి వెనక్కి పరిగెత్తాడు. జెట్టీ అంచుకి మూరెడు దూరంలో బోటు ముక్కు పక్కకి తిరిగింది. అనూరాధ ఒక్క క్షణం ఆ గొంతు వైపు తల తిప్పింది. యోహాన్‌కి ఆ క్షణం చాలు. బళ్ళ మీదుగా దూకి పెట్టెతో సహా ఆమెని నేలకేసి అదిమాడు. పెట్టెలో పిస్టల్ పేలి, గుండు పక్కనున్న ఐసు గుట్టలోకి దిగింది. ఆ ఐసు యజమాని బూతులు లంకించుకున్నాడు.

కళ్ళద్దాలు ఊడిపోయినా అనూరాధ నవ్వుతూనే ఉంది. "భీమిలి అన్నావుగా?"

"నువ్వు నమ్మలేదుగా?"

"మావాళ్ళని పంపాను. కానీ చీఫ్ రెండుసార్లు అడిగాడు. ఆయనే నమ్మనిది నేనెందుకు నమ్ముతాను?"

"రత్నరాజుకి ఇద్దరు ఆడపిల్లలు," అన్నాడు యోహాన్. బేడీలు కావలసినదానికంటే ఒక నొక్కు ఎక్కువే నొక్కాడు.

భీమిలిలో ఐదుగురు దొరికారని మెరైన్ పోలీసుల మెసేజ్ వచ్చింది. సిలిండర్‌ని గోనెసంచిలో చుట్టి, మెరైన్ పోలీసులు పిలిపించిన నేవీ వాళ్ళకి అప్పగించారు. జరిగింది వాళ్ళే చీఫ్‌కి చేరవేశారు. ఎల్లాజీ జెట్టీ మీద చతికిలబడి బీడీ వెలిగించబోతే అగ్గిపుల్లలు విరుగుతున్నాయి. అప్పాయమ్మ ఆ అగ్గిపెట్టె లాక్కుని, తనే వెలిగించి ఇచ్చి, యోహాన్ ముందుకి వచ్చింది.

"నా మొగుడి పేరు ఆ సుప్పనాతికి ఎవుడు సెప్పాడు?"

అబద్ధం చెబుదామనుకున్నాడు. నోరు రాలేదు. "మా ఆఫీసులోనే అక్కా. ఫోన్ సరిగ్గా వినపడక... పేరు గట్టిగా అరిచారు. పొద్దున రత్నరాజు ప్రాణం కూడా అలాగే పోయింది."

"అరిసీనారా?" ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, గొంతు మాత్రం తగ్గలేదు. "పేణాలు అరసేతిలో ఎట్టుకుని మీకోసం ఎల్లే మడిసి పేరు సంతలో సేపల్నాగ అరిసీనారా? ఇనపడకపోతే నోరు మూసుకుని బస్సెక్కి రావాల! ఇప్పటికే ఓడు పోనాడంట కదా! ఆడి పెళ్ళాం ముందు ఏ మొకం ఎట్టుకుని నిలబడతారు?"

యోహాన్ తల దించుకున్నాడు.

జేబులో ఫోన్ మోగింది. చీఫ్. యోహాన్ చెవి దగ్గర పెట్టుకునేలోగానే అవతల్నించి సన్నగా అరుపు. "ఏమిటీ? ఎల్లాజీ బతికే ఉన్నాడా? గట్టిగా చెప్పు!"

"ఆడేనా?" అంది అప్పాయమ్మ.

యోహాన్ తలూపాడు. ఆమె చెయ్యి చాపింది. ఇది డిపార్ట్‌మెంట్ ఫోన్, పరాయివాళ్ళ చేతికి ఇవ్వకూడదు, ఇస్తే సస్పెన్షన్. ఇచ్చేశాడు.

ఆమె మొదలుపెట్టింది. రత్నరాజు దగ్గర మొదలుపెట్టి ఎల్లాజీ దాకా, అక్కడి నుంచి చీఫ్ గారి ముత్తాతల దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. జెట్టీ అంతా పని మానుకుని విన్నది. అవతల చీఫ్ కృష్ణంరాజు ఒక్క మాటనైనా మళ్ళీ చెప్పమని అడగలేదు.