ఎనిమిది మిల్లీమీటర్ల అబద్ధం

ఆపరేటర్ గొంతులో కత్తి పిడి దాకా దిగి ఉంది. వాతావరణ కేంద్రం డాబా మీద, శాటిలైట్ యాంటెన్నాను కావలించుకుని చచ్చిపోయాడు పాపం. ఏజెంట్ గొడుగు అతని కళ్లు మూసి, చేతిగడియారంలోని ట్రాన్స్‌మిటర్ నొక్కాడు. మిట్టమధ్యాహ్నం ఎండలోనూ నల్ల గొడుగు వదలడని డిపార్ట్‌మెంట్ వాళ్లు పెట్టిన పేరది.

"చెప్పండి బాస్."

"శాటిలైట్ సిగ్నల్ గాలిలోని ఆవిరిని దాటి రావాలంటే కాస్త ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యాన్ని కొలిస్తే మన నెత్తిన ఎన్ని మిల్లీమీటర్ల నీరు వేలాడుతోందో తెలిసిపోతుంది. ఆ అంకె పెరగ్గానే ఆనకట్ట గేట్లు వాటంతటవే తెరుచుకుంటాయి. దొంగ సిగ్నల్ పంపి ఓ విదేశీ ముఠా అంకెను తొక్కిపెడుతోంది. రిజర్వాయర్ అంచుల దాకా నిండింది. తుఫాను నీరు కూడా చేరితే కట్ట తెగుతుంది."

ఆనకట్ట కింద ఊళ్లోనే ఏజెంట్ అక్క ఉంది. "ఒరేయ్, ఆదివారమైనా భోజనానికి తగలడు" అని పొద్దున్నే ఫోన్‌లో తిట్టింది కూడా.

"లోపల సీతాకోక ఉంది. ఆ ముఠావాళ్ల దేశంలోనే పుట్టింది, కానీ మన మనిషి. కోడ్ వర్డ్ గుర్తుందిగా?" అన్నాడు బాస్.

కంట్రోల్ రూంలో ఏసీ మూలుగుతోంది గానీ చల్లదనం మాత్రం సున్నా. ఎర్ర గౌనులో సీతాకోక నవ్వుతూ ఎదురొచ్చింది. చూస్తే ఎవడికైనా మతి పోవాల్సిందే. ఏజెంట్‌కీ పోయింది, కాసేపు.

"కాఫీ చల్లారిందా?" అన్నాడు.

"చక్కెర వేయనేలేదు." కోడ్ సరిపోయింది. "కంగారుపడకండి, అంతా చెక్ చేశాను. దొంగ సిగ్నల్ ఏమీ లేదు. గాలి పొడిగా ఉంది, ఎనిమిది మిల్లీమీటర్లే."

ఏజెంట్ స్క్రీన్ చూశాడు. తర్వాత ఆవిడ ముఖం చూశాడు. పౌడర్ చెమటలో కారిపోతోంది. తన చొక్కా పిండితే గ్లాసు నిండేలా ఉంది.

"మేడం, ఎనిమిదంటే మీ దేశపు చలికాలం గాలి. ఇక్కడ కరువొచ్చినా అంతకు దిగదు. మీ ఊరి అంకె తెచ్చి మా నెత్తిన రుద్దారు. ఈ అంకె నమ్మకేగా ఆపరేటర్ యాంటెన్నా చూడ్డానికి డాబా ఎక్కాడు?"

నవ్వు మాయమైంది. పిస్టల్ ప్రత్యక్షమైంది. "దుంగా!" అని అరిచింది.

బీరువా చాటునుంచి ఓ భారీ శాల్తీ ఇనపరాడ్‌తో దూకింది. మొదటి దెబ్బకే ఏజెంట్ ఎడమచెయ్యి ఎముక ఫట్‌మంది. పళ్లు బిగించి గొడుగు పిడి తిప్పాడు. మొనలోంచి దూసుకెళ్లిన బుల్లెట్ దుంగ మోకాలు చిదిపేసింది. వాడు తూలి మీద పడబోతే, వాణ్నే అడ్డం పెట్టుకున్నాడు. సీతాకోక పేల్చిన గుళ్లు రెండూ వాడి వీపులో దిగాయి. ఆ శవాన్ని ఆవిడ మీదికి తోసి, గొడుగు విరిగేలా మణికట్టు మీద కొట్టాడు. పిస్టల్ ఎగిరిపడింది. ఆవిడ అతని చెవి కొరికి కండ ఊడపీకింది. నుదుటితో ఆవిడ ముక్కు పగలగొట్టాడు.

"ఇంకేం చేస్తావు?" నెత్తురు ఉమ్మి నవ్విందావిడ. "వాన మొదలైంది."

టేబుల్ కింద సూట్‌కేసులో, దొంగ సిగ్నల్ పంపే యంత్రం మీద ఎర్రలైటు మిణుకుమంటోంది. ఏజెంట్ పిస్టల్ అందుకుని అందులోకి ఖాళీ చేశాడు.

స్క్రీన్ మీద అంకె ఎగబాకింది. ఎనిమిది. ముప్ఫై. అరవై ఎనిమిది! సైరన్ మోగింది. పక్క మానిటర్‌లో నీళ్లు కట్ట పైఅంచును నాకుతున్నాయి. గేట్లు కదిలాయి. మట్టం వేలెడు దిగింది. ఏజెంట్ సిగ్గుపడకుండా ఏడ్చేశాడు.

బయటికొస్తూ అక్కకు ఫోన్ చేశాడు. "ఆదివారం వస్తున్నా."

"ఇక్కడ కుండపోతరా. గొడుగు మర్చిపోకు."

చేతిలో మిగిలిన పిడిని చూసుకున్నాడు. వాన వస్తుందని ఊరందరికంటే ముందు తెలిసింది అతనికే. నిలువునా తడిసిందీ అతనే.