గాజు గిన్నెలో పేగు గోడ

“పిట్టని పొట్టన పెట్టుకున్నావు కదమ్మా!... వేరుశనగ దాని పాలిట విషమని తెలిసీ, నీ చేత్తో ఎలా పెట్టావమ్మా?”

ఆసుపత్రి వరండాలో తల్లి మీద అతను వేస్తున్న కేకలకి నర్సులు ఆగి చూస్తున్నారు. “ఊపిరి అందలేదు. చేయగలిగిందంతా చేశాం” అని డాక్టరు తల దించుకుని వెళ్లి ఎంతోసేపు కాలేదు. అతని ఆరేళ్ల కూతురు పిట్ట ఇక లేదు! గోడవారగా కూలబడ్డ ముసలితల్లి కొంగు నోట్లో కుక్కుకుని, “అవున్రా, నేనే పెట్టాను... నాదే బుద్ధి తక్కువ!” అంటోందే తప్ప ఇంకొక్క మాట లేదు.

కోడలు కొయ్యబారిపోయింది. దేవుడా! అత్తయ్య నిజం ఎందుకు చెప్పడం లేదు?

ఆమె పనిచేసేది మందుల పరిశోధనశాలలో. పేగు లోపలి పొర కణాలను గాజు గిన్నెల్లో పెంచి, వాటిమీద ఆకుల సారం చుక్కలు వేసి చూడటం ఆమె పని. “మా కోడలు గిన్నెల్లో పేగులు పెంచుతుంది, పొయ్యి మీద గిన్నె మాత్రం మాడబెడుతుంది!” అని అత్తగారు ఇరుగుపొరుగుతో మురిపెంగా చెప్పుకునేది. పిట్ట ఒంటికి పడని వేరుశనగ రక్తంలోకి జారేది ఆ పొర సందుల్లోంచేనని ఆమె నమ్మకం. సారం తగిలి ఆ సందులు బిగుసుకోవడం కళ్లారా చూశాక తల్లి మనసు ఆగుతుందా? ఇంకా ఏ మనిషికీ ఇచ్చి చూడని ఆ సారాన్ని సీసాలో తెచ్చి, భర్తకి తెలియకుండా రోజూ పిల్లకి తాగించింది. ఈ పొద్దున పనికి బయల్దేరుతూ, “పేగుల్లో సందులు మూసుకునే ఉంటాయత్తయ్యా! అది మారాం చేస్తే ఒక్క వేరుశనగ పలుకు పెట్టండి, ఏం కాదు” అన్నది తనే!

అత్తగారిని లేవదీయబోతే, ఆవిడ చెవిలో గొణిగింది. “నోరు మెదపకు తల్లీ... ఎంత తిట్టినా కన్నతల్లిని, నన్ను వదులుకోలేడు. నిన్ను మాత్రం క్షమించడు. పిల్ల ఎలాగూ పోయింది... నీ కాపురమైనా మిగలనీ!”

ఆమెకు దుఃఖం కట్టలు తెంచుకుంది. ఇంత మనిషిని దోషిగా నిలబెట్టి తను కాపురం చేయాలా?

“ఏమండీ! అత్తయ్యని ఏమీ అనకండి... పెట్టమన్నది నేను! నయమైపోయిందని నమ్మించిందీ నేనే! ఏదో సారం తెచ్చి, మీకు చెప్పకుండా తాగించానండీ...”

భర్త ఆమె వైపు చూడలేదు. తల్లి దగ్గర కూలబడి, ఆవిడ ఒళ్లో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఆవిడ ఒక చేత్తో కొడుకు తల నిమురుతూ, రెండో చెయ్యి కోడలికోసం చాచింది.

కోడలు ఆ చెయ్యి అందుకోలేదు. లోపల పిట్ట ఒంటరిగా ఉంది... తలుపు తోసుకుని వెళ్లి, చల్లబడిన ఆ చిన్న పొట్ట మీద చెయ్యి వేసి కూర్చుంది.