కక్కే పిస్తోలు, మూడు కుండలు

రాగిరేకు మీద ఉన్నవి నాలుగు గీతలు, ఒక వాక్యం. "మూడు కుండలు వదులుకున్నవాడికే దారి." ఆ వాక్యాన్ని పట్టుకుని పురుషోత్తమరాజు మూడు వేసవులు నల్లమలను జల్లెడ పట్టాడు. నాలుగో వేసవిలో తేనెమల గుహ దొరికింది. నిధి ఆనవాలు కనబడితే చాలు, మందుపాతర పెట్టి కొండనే పగలగొట్టిస్తానని దారిపొడుగునా చెప్పుకుంటూ వచ్చాడు. ఆ గుహలో ఏటా తేనె తీసుకునే చెంచుల మనిషి గురవమ్మ, దారి చూపిస్తూ ఆ మాటలన్నీ వింది.

మూడోవాడు హుసేనప్ప. కర్నూలులో తుపాకులు బాగుచేసే ఇల్లు వాళ్లది. బాగుచేసినవాడే మొదటి తూటా పేల్చి చూపాలన్నది ఆ ఇంటి కట్టుబాటు. దానికి కట్టుబడే, పద్దెనిమిదేళ్లప్పుడు ఒక నాటు తుపాకీ వెనక్కి కక్కితే ఎడమ కన్ను పోగొట్టుకున్నాడు. మిగిలిన కుడికన్ను మీద అతని బతుకంతా నిలబడి ఉంది. పొద్దున్నే ఇనుము అరగదీసే సన్న ఆకురాయిని వెలుగుకు పట్టి పళ్లు లెక్కపెట్టనిదే టీ తాగడు. లెక్క తప్పిన రోజు కొట్టు మూసెయ్యాల్సిందేనని అతని భయం.

రాజు తెచ్చిన, చప్పుడు అణిచే సైలెన్సర్ గొట్టం బిగించిన పిస్తోలు ఎక్కడిదో హుసేనప్ప అడగలేదు. పేల్చినప్పుడల్లా మొహం మీదికి పొగ కొడుతోందంటే చూసి ఇచ్చాడు. ఇంకా కొడుతోందని, బాగుచేసినవాడు పక్కనే ఉండాలని రాజు అతన్ని అడవికి లాక్కొచ్చాడు.

గుహ లోపలి గదిలోకి ముగ్గురూ అడుగుపెడుతుండగా రాజు గడప తొక్కాడు. తలుపంత బండ సర్రున దిగింది. రాజు పక్కకు దూకాడు గాని భుజం నలిగి చెయ్యి వేలాడిపోయింది. పక్కనున్న హుసేనప్ప బోర్లాపడితే కంటికి అడ్డుగా పెట్టుకున్న కళ్లద్దాలు ముక్కలయ్యాయి. వచ్చిన దారి మూసుకుపోయింది, ముగ్గురూ లోపల చిక్కుకున్నారు.

ఎదురుగోడకు బెత్తెడు వెడల్పున రాతి చీలిక. దాని వెనక ఒక దూలం మీద వరుసగా మూడు కుండలు. ఆ బరువే బండను కిందికి తొక్కి పట్టిందనీ, కుండలు పగిలి ఖాళీ అయితే బండ లేస్తుందనీ దూలం చూడగానే హుసేనప్పకు తెలిసిపోయింది. చెయ్యి చీలికలో మోచేతిదాకా కూడా పోదు. రాళ్లు విసిరితే అంచుకు తగిలి వెనక్కి వచ్చాయి. తూటా ఒక్కటే పోతుంది. రాజు చెయ్యి లేవదు గనక పిస్తోలు హుసేనప్పే తీసుకున్నాడు.

పైన గుండ్రటి కన్నం, అందులోంచి పగటి వెలుగు. కన్నం చుట్టూ చేటలంత తేనెపట్లు వేలాడుతున్నాయి.

సైలెన్సర్ విప్పేస్తే పొగ బాధ తగ్గుతుందని హుసేనప్పకు తెలుసు. విప్పబోతే గురవమ్మ చెయ్యి పట్టుకుంది.

"కొండతేనెటీగలు అన్నా అవి. చప్పుడైతే మన పీనుగులు కూడా గుర్తుపట్టరు."

అతను మొదటి కుండకు గురిపెట్టి పేల్చాడు. టప్పుమంది. కుండ పగిలి ఇసక జారింది, బండ బెత్తెడు లేచింది. కానీ మంటలాంటి పొగ సూటిగా కంట్లోకి కొట్టింది. హుసేనప్ప మోకాళ్ల మీద కూలబడి రెండు చేతులతో కన్ను పట్టుకున్నాడు. కాసేపు అంతా చీకటి. ఆ కాసేపట్లో అతను ఎన్నడూ మొక్కనంతగా మొక్కుకున్నాడు.

నీళ్లతో కడిగితే మసకమసకగా వెలుగు వచ్చింది. సైలెన్సర్ విప్పి వాసన చూశాడు. ఆముదం! తలుపు బందుల నుంచి తుపాకీ గొట్టం దాకా అన్నిటికీ ఆముదం రాయడం వాళ్ల వీధి అలవాటు. చేతివాటాన దీనికీ పూసేశాడు. మాడిన ఆముదమే కంటికొచ్చింది. తన తెలివిని తానే తిట్టుకుంటూ పంచె చెంగుతో లోపలంతా పొడిగా తుడిచి మళ్లీ బిగించాడు.

అయినా అదొక్కటే కాదు. సైలెన్సర్ గొట్టం ముందువైపు పొగను బిగపట్టి ఉంచుతుంది. ఆ పొగ ఇంకా లోపలుండగానే, పేలగానే వెనక్కి జరిగే పైరేకు, స్లైడు, తెరుచుకుంటే వెనక్కి రాక ఏం చేస్తుంది? స్లైడు సులువుగా ఆడాలని మెత్తటి స్ప్రింగు వేసింది కూడా తనే. సంచిలోంచి గట్టి స్ప్రింగు తీసి మార్చాడు. మరో తూటా దానంతటదే ఎక్కకపోతే చేత్తో లాక్కోవచ్చు, కన్ను మాత్రం మరొకటి లేదు.

రెండో కుండ పగిలింది. ఇసకే. బండ జానెడు లేచింది. పొగ సగానికి సగం తగ్గింది గాని ఇంకా కన్ను చురుక్కుమంది, నీళ్లు కారాయి. ఇంకొక్క దెబ్బకు ఇది తట్టుకోదనిపించింది. జానెడు సందులోంచి పాకుదామని చూస్తే రాజు ఛాతీ పట్టలేదు.

గురవమ్మ చిటికెడు దుమ్ము తీసి చీలిక ముందు వదిలింది. దుమ్ము హుసేనప్ప మొహం మీదికే వచ్చింది.

"తప్పు నీ తుపాకీదే కాదన్నా. కొండ ఊపిరి వదుల్తా ఉంది. ఎదురుగాలిలో మేం తేనెపట్టుకు పొగ పెట్టం. వాన పడితే ఊపిరి తిరగతాది, అప్పుడు కొట్టు."

వాన పడితే ఆ కన్నంలోంచి నీళ్లు కూడా వస్తాయి. అయినా ఆగారు. ఉరిమింది. మట్టివాసన వచ్చింది. బండ కింది సందు తోడలేనంతగా కన్నంలోంచి నీళ్లు ధారకట్టి చీలమండలు ముంచి, మోకాళ్లకు ఎక్కాయి. గోడకు జారగిలబడ్డ రాజు, పేల్చమని గొణిగి గొణిగి స్పృహ తప్పుతున్నాడు. గురవమ్మ అతని తలను నీళ్లపైన పట్టుకుని, రెండో చేత్తో గోడ మీది పొడిదుమ్ము తీసి వదులుతూనే ఉంది. ఎదురుకు వచ్చింది, ఆగింది, చివరికి చీలికలోకి పోయింది.

"ఇప్పుడు."

పేల్చాడు. పొగంతా చీలికలోకే పోయింది. కన్ను తెరిచే ఉంచాడు, అందుకే చూశాడు. మూడో కుండలోంచి జారింది ఇసక కాదు. పచ్చగా, బరువుగా, మెరుపులు మెరుపులుగా బంగారు నాణేలు దూలం మీంచి దొర్లి అడుగులేని నెర్రెలోకి పడిపోయాయి. కుండ చివరి నాణెందాకా ఖాళీ అయింది. బండ నడుమెత్తు లేచింది. ఇద్దరూ రాజును ఈడ్చుకుంటూ, నీళ్లతోపాటే బయటపడ్డారు.

వాన వెలిసింది. రాతిచరియ కింద స్పృహ వచ్చిన రాజు మొదట అడిగింది భుజం సంగతి కాదు.

"మూడో కుండలో ఏముంది హుసేనప్పా? నువ్వొక్కడివే చూసింది."

హుసేనప్ప తన చేతిమీద వాలిన కొండతేనెటీగను వెలుగుకు పట్టి చూశాడు. తడిసి ఎగరలేకుండా ఉంది. దాని కాళ్లు లెక్కపెట్టాడు. ఆరు. మళ్లీ లెక్కపెట్టాడు. ఆరే. కంట్లో నీళ్లు తిరిగాయి, ఈసారి పొగ వల్ల కాదు.

"ఇసకే సామీ," అన్నాడు.

రాజు గోడకు తల వాల్చి, ఇక మందుపాతరతో పనిలేదంటూ రాగిరేకును బురదలోకి విసిరేశాడు. ఇసక చప్పుడేదో, బంగారం చప్పుడేదో అడవిలో పుట్టిన చెవులకు తెలియకపోదు. గురవమ్మ హుసేనప్ప వంక ఒకసారి చూసింది. పొద్దున తీసిన తేనెపట్టు ముక్కల్లో అన్నిటికన్నా పెద్దది ఏరి అతని చేతిలో పెట్టింది.