ఉలి తప్పు కాదు

"నీ చేతులు పడిపోను! ఇదేనా నువ్వు పెట్టిన పదును?"

భర్త విసిరిన ఉలి గోడకు తగిలి, పెద్దకోడలి కాళ్ళ దగ్గర పడింది. కిటికీ పక్కనున్న పనిబల్ల మీద, లక్కలో బిగించిన ఉంగరంలో పచ్చరాయి అడ్డంగా పగిలిపోయి ఉంది. చనిపోయిన తల్లి గుర్తుగా దాచుకున్న రాయిని కొత్త ఉంగరంలో పొదిగించమని ఒక అమ్మాయి కొట్టు యజమానికి ఇచ్చింది. ఆయనేమో తన పనివాళ్ళందరిలోకీ ఇతని చేతినే నమ్మి పంపాడు!

"మొండి ఉలి జారక ఏం చేస్తుంది?" వంటింటి గుమ్మంలోంచి అత్తగారు అందుకుంది. "ఆ పని ఆడదాని చేతికి అప్పగించొద్దని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. వింటేగా ఎవరైనా!"

మామగారు బతికున్నప్పుడు తానే పక్కన కూర్చోబెట్టుకుని పెద్దకోడలికి సాన పట్టడం నేర్పాడు. "ఈ పిల్లకి ఓపికుందిరా! ఉలికి కావలసింది అదే" అని మురిసిపోయేవాడు. అప్పటినుంచి పద్నాలుగేళ్ళు... సానరాయి మీద రెండు చుక్కల నూనె వేసి, ఉలి ముఖాన్ని ఒకే వాలులో ఆనించి, అద్దంలా మెరిసేదాకా రుద్దడం ఆమె వంతు. పదునున్న ఉలిని బొటనవేలి గోటి మీద పెడితే జారదు, అక్కడే పట్టుకుంటుంది. ఆ పొద్దున ఇచ్చిన ఉలి కూడా పట్టుకుంది. ఆమె చూసుకునే ఇచ్చింది!

జారింది ఉలి కాదు... ఆయన చెయ్యి. వానలు మొదలైనప్పటినుంచి ఆమె గమనిస్తూనే ఉంది. టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుంటున్నాడు. చొక్కా గుండీ పెట్టుకోవడానికి గోడవైపు తిరుగుతున్నాడు. డాక్టరు దగ్గరికి వెళదామంటే కస్సుమంటున్నాడు.

పక్క బల్ల మీద పనిచేసే మరిది కిందపడ్డ ఉలి తీసి, గోటి మీద ఆనించి చూశాడు. అతని ముఖం మారిపోయింది. "వదినా, ఇది..."

వద్దన్నట్టు ఆమె కళ్ళతోనే వేడుకుంది. "తప్పు నాదే అత్తయ్యా" అంది తలవంచుకుని. "తొందరలో సరిగ్గా నూరలేదు."

యజమానికీ అదే మాట చేరింది. ఇకమీదట ఆవిడ ఉలి ముట్టుకోకూడదని ఆయన కబురు పంపాడు. అత్తగారు సానరాయిని ఎత్తి పెద్దకొడుకు బల్ల మీద పెట్టింది. ఆ రోజునుంచి వీధిలో ఆడవాళ్ళు కూడా రాయి పగలగొట్టిన మనిషని ఆమెను వింతగా చూడసాగారు. ఆమె దిగమింగుకుంది. మాట పడితే పడింది, భర్త పేరు నిలిచింది కదా!

కానీ ఎంతకాలం? వణికే చేత్తో నూరితే వాలు ఎక్కడ నిలుస్తుంది? అంచులు గుండ్రబడిపోయాయి. ఆయన మళ్ళీ నూరేవాడు, మళ్ళీ తిట్టుకునేవాడు. వారం తిరగకుండానే ఒక ఉదయం ఉలి బంగారం మీంచి జారి ఎడమ అరచేతిలో దిగబడింది.

ఆమె పరుగున వచ్చి నెత్తురు కడిగి గుడ్డ కట్టింది. కడుతుంటే ఆమె కళ్ళముందే ఆయన కుడిచెయ్యి గజగజ వణుకుతోంది. ఇక దాచడానికి ఇద్దరికీ ఏమీ మిగల్లేదు.

"నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"వానలప్పట్నుంచి..."

"మరి ఆ రోజు తప్పు నాదని ఎందుకన్నావే?"

"పదును పోయిందంటే మళ్ళీ పెట్టుకోవచ్చండీ... చెయ్యి పోయిందంటే మీరు తట్టుకోగలరా?"

ఆయన ఆమె భుజం మీద తలవాల్చి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. గుమ్మంలో నిలబడ్డ అత్తగారి చేతిలోని చెంబు జారిపోయింది. "నా నోరు మండ! బంగారంలాంటి పిల్లని ఎన్ని మాటలన్నానమ్మా!" అంటూ అక్కడే కూలబడింది.

మధ్యాహ్నమే ఆయన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని కొట్టుకు వెళ్ళాడు. పనివాళ్ళందరూ వింటుండగా, "ఆ రాయి పగిలింది నా చేతి వణుకు వల్ల. నా భార్య పెట్టిన పదునులో ఏ లోపమూ లేదు" అని చెప్పాడు. ఆ రాయి ఇచ్చిన అమ్మాయి అక్కడే ఉంటే, ఆమెకు చేతులు జోడించాడు. ఆమె ముఖం తిప్పుకుంది. అదే ఆయన్ని ఎక్కువగా కోసింది.

అక్కణ్ణుంచే వెళ్ళి చూపించుకుంటే, డాక్టరు కూడా ఉన్న నిజమే చెప్పాడు. మందులు వణుకును కాస్త అదుపులో పెడతాయి, అంతే. రాళ్ళు పొదిగే పని మాత్రం ఈ జన్మకు లేదు!

మర్నాడు మరిది యజమాని పంపిన మూట తెచ్చి అన్న బల్ల మీద పెట్టాడు. కొట్టులో పనివాళ్ళందరి ఉలులూ అందులో ఉన్నాయి.

"పదును నువ్వే పెట్టాలట వదినా. మొన్నటి మాటకు మన్నించమన్నారు."

పెద్దకోడలు మూట విప్పలేకపోయింది. ఇన్నేళ్ళూ ఆయన కూర్చున్న చోటు... ఆయన కళ్ళముందే అక్కడ ఎలా కూర్చోవడం?

ఆయనే వచ్చి ఆమె భుజం పట్టి కూర్చోబెట్టాడు. నూనె సీసా తీసి సానరాయి మీద వంచాడు. రెండు చుక్కలు పడాల్సిన చోట సగం సీసా ఒలికి, బల్లంతా పారింది.

"ఉండనీ, ఈ పనొక్కటైనా నన్ను చెయ్యనీవే..." అన్నాడు.

"చెయ్యండి" అంది ఆమె. ఒలికిన నూనె తుడవలేదు. కళ్ళెత్తి ఆయన వైపు చూసే ధైర్యం లేక, చేతికందిన ఉలి తీసుకుని నూరడం మొదలుపెట్టింది.