జడ లాగే గది

ఆ ఇంట్లో వెనక గదికి మంచి పేరు లేదు.

ముందు గదితో ఎవరికీ పేచీ లేదు. గొడవంతా వెనక గది గడప దగ్గరే. చీకటి పడ్డాక ఆడవాళ్లు ఆ గడప దాటబోతే, వెనకనుంచి ఎవరో జడ పట్టి లాగుతారట… ఊరికే తాకడం కాదు, గుంజడం! ఒక కుటుంబం నెల తిరక్కుండా ఖాళీ చేసింది. తర్వాత వచ్చినవాళ్లు పదకొండో రోజుకే సామాను సర్దుకున్నారు.

అంతకు ముందు అక్కడ ఒక టైలరూ భార్యా ఉండేవాళ్లు. ఒక సాయంత్రం కరెంటు పోయింది. టైలరు నలుగురితో కలిసి బయట మెట్ల మీద కూర్చున్నాడు. కాసేపటికి కరెంటు వచ్చింది. అంతే — వెనక గది గుర్రుమంది. ఒక్క కేక!

టైలరు లోపలికి పరిగెత్తి తలుపేసుకున్నాడు. మళ్లీ తీసేసరికి ఆవిడ కిటికీ కింద పడి ఉంది. తల పగిలింది. సగం జుట్టు లేదు. గదిలో మరో మనిషి లేడు. "ఏదో… జడ పట్టి లాగేసింది" అన్నాడు టైలరు. వీధంతా నమ్మింది. ఆవిడే ఇప్పుడు దెయ్యమై, తన గతి ఇంకొకరికి పట్టించాలని కాచుకుని ఉందని అంతా చెప్పుకోవడం మొదలుపెట్టారు.

ఇదంతా నాకు మా పిన్ని చెప్పింది. మూడేళ్ల తర్వాత ఆ ఇంట్లో దిగింది మా పిన్నీ బాబాయే.

మా బాబాయికి మేం పెట్టుకున్న పేరు 'నాకు తెలుసులే'. పాలు పొంగుతున్నాయని చెప్పినా "నాకు తెలుసులే" అంటాడు — పొంగిపోయాక. ఇక పిన్ని జడ మోకాళ్ల దాకా ఉండేది. ఆ గది సంగతి విన్నప్పటినుంచీ పొద్దు వాలితే ఆ వైపు పోయేది కాదు.

"దెయ్యం లేదు, గియ్యం లేదు. ఆ గదిలో నీకు చెక్క అరలు కొట్టిస్తా, చూడు" అన్నాడు బాబాయి.

కొట్టించడం ఎందుకు, తనే కొడదామనుకున్నాడు. దానికి కారణం ఉంది. అటక దులుపుతుంటే ఒక గోనెసంచిలో డ్రిల్లింగ్ మిషను దొరికింది. పాతది, బరువైనది, కానీ తిరుగుతోంది. ఉచితంగా వస్తే ఫినాయిలైనా తాగే రకం మా బాబాయి!

ఒక ఆదివారం సాయంత్రం పని మొదలుపెట్టాడు. నిజం చెప్పొద్దూ, అతనికి చాలా తెలుసు. స్విచ్చుబోర్డుకి నేరుగా పైన రంధ్రం వెయ్యలేదు; గోడలో వైరు అక్కడినుంచే పైకి వెళ్తుందని తెలుసు. కళ్లకి అద్దాలు పెట్టుకున్నాడు. పొడుగు చేతుల చొక్కా విప్పేశాడు. స్టూలు కదలకుండా కాలితో తన్ని చూసుకున్నాడు.

రెండు రంధ్రాలయ్యేసరికి వేలు నొప్పెట్టింది. ఆ మిషనుకి పక్కన చిన్న బొత్తాం ఉంది. మీట నొక్కి ఆ బొత్తాం లోపలికి తోస్తే మీట అలాగే ఉండిపోతుంది. వేలు తీసినా మిషను తిరుగుతూనే ఉంటుంది. బాబాయి బొత్తాం తోశాడు.

మూడో రంధ్రం సగంలో ఉండగా… మిషను చేతిలోనే చచ్చిపోయింది. కరెంటు పోయింది.

దాన్ని అలాగే బయటికి లాగి స్టూలు మీద పడుకోబెట్టాడు. తిరగని మిషనుతో భయమేముంది!

"ఎలాగూ పని ఆగింది. టైలరు దగ్గర నా ప్యాంటు ఉంది, తెచ్చుకుంటా. ఈలోపు కొవ్వొత్తి వెలిగించుకుని స్టూలు కింద ఆ ఇటుక పొడి ఊడ్చెయ్" అన్నాడు పిన్నితో.

"ఏమండీ… ఆ గదిలోకా? నన్నొక్కదాన్నీ వదిలి వెళ్లకండి."

"నాకు తెలుసులే. ఐదు నిమిషాలు."

ఆ టైలరే ఈ టైలరు. పక్క వీధిలో చిన్న కొట్టు. కరెంటు ఉన్నా లేకపోయినా కాలితో తొక్కే మిషను కాబట్టి దీపం పెట్టుకుని కుడుతూనే ఉంటాడు. మనిషి మాట్లాడడు.

బాబాయి ఊరుకునే ఘటమా? "మాస్టారూ, మీ వెనక గదికి గోడలు భలే గట్టివి. రంధ్రం వేస్తుంటే చెయ్యి పడిపోయిందనుకోండి."

"దేంతో?"

"మీరు వదిలేసిన మిషనే కదా! అటక మీద, గోనెసంచిలో…"

టైలరు కాలు ఆగిపోయింది.

"కరెంటు పోయినప్పుడు… తిరుగుతోందా?" అన్నాడు మెల్లగా.

"ఆఁ."

"పక్కన బొత్తాం?"

"నొక్కే ఉంచా. వేలు నొప్పెడుతుంటేనూ…"

"ప్లగ్గు తీశారా?"

"నాకు తె—" అని ఆగిపోయాడు బాబాయి.

టైలరు గొంతు గుసగుసలోకి దిగింది. "దెయ్యం కాదు బాబూ… నేను. నేనూ అలాగే స్టూలు మీద పెట్టి, ప్లగ్గు తియ్యకుండా పోయి మెట్ల మీద కూర్చున్నా. మా ఆవిడ పొడి ఊడుద్దామని వంగింది… కరెంటొచ్చింది. జుట్టు చుట్టుకుని గుంజేసరికి తల కిటికీ మూలకి కొట్టుకుంది. నేను వెళ్లేసరికే పోయింది. జుట్టు కత్తెరతో కోసి, మిషను అటకెక్కించి… నాలుగు మాటలు కల్పించా."

టైలరు కుట్టుమిషను మీద చెయ్యి వేశాడు.

"నాతో పాటే కొట్లో కుట్టేది. మిషను దగ్గర జుట్టు ముడేసుకో అని రోజూ పొద్దున్నే చెప్పేవాణ్ని. గుడ్డ అంచు ముక్కతో బిగించి కట్టుకునేది. ఆ రోజు అది కుట్టుమిషను కాదు కదా… చెప్పలేదు. మీ ఆవిడ ఎక్కడున్నారు?"

"ఆ గదిలోనే. ఊడ్వమని… నేనే చెప్పా—"

వీధి మొత్తం ఒక్కసారిగా వెలిగింది. "కరెంటొచ్చిందోచ్!" అని ఎక్కడో పిల్లలు అరిచారు.

ఇద్దరూ పరిగెత్తారు. బాబాయి చెప్పు ఒకటి దారిలోనే ఊడిపోయింది. వీధి మలుపు తిరగ్గానే వినిపించింది — గుర్ర్‌ర్‌ర్… 

ముందు గదిలో చీకటి. దాన్ని దాటి వెనక గదిలోకి దూకారు. అక్కడా చీకటే. పగటి వెలుగులో పని మొదలుపెట్టిన బాబాయి లైటు వెయ్యనే లేదు. మిషను స్టూలు మీదనుంచి పడి, నేల మీద తన వైరే తను చుట్టుకుంటూ ఎగురుతోంది. టైలరు తడుముకుంటూ వెళ్లి ప్లగ్గు పీకేశాడు.

నిశ్శబ్దం…

బాబాయి లైటు వేశాడు. గదిలో పిన్ని లేదు. గడప అవతల కొవ్వొత్తి ఆరిపోయి పడి ఉంది. పక్కన చీపురు.

"ఏమండీ…"

ముందు గది తలుపు వెనకనుంచి గొంతు. పిన్ని గోడకి ఆనుకుని మూలకి ముడుచుకుని కూర్చుంది. చీకట్లో ఆమె పక్కనుంచే వాళ్లు పరిగెత్తి వెళ్లారు.

"గడప మీద కాలు పెట్టబోయానండీ. ఎవరో వెనకనుంచి జడ పట్టి గుంజారు. వెల్లకిలా పడిపోయా. తర్వాత నాకేం తెలీదు… కళ్లు తెరిచేసరికి ఇక్కడున్నా. లోపలేమో ఆ చప్పుడు…"

బాబాయి ఆమె పక్కన కూలబడి ఏడ్చేశాడు. పెళ్లయ్యాక అతను ఏడవడం పిన్ని చూడటం అదే మొదలు. "తలుపు గడియకి చిక్కుకుని ఉంటుంది" అన్నాడు ముక్కు చీదుకుంటూ. "గడియకే… అంతే."

టైలరు ముందు గదిలో లైటు వేశాడు. వేసి, అక్కడే నిలబడిపోయాడు.

పిన్ని జడ కింద వేలాడటం లేదు. మోకాళ్ల దాకా ఉండే ఆ జడ మొత్తం నడినెత్తిన గట్టిగా ముడివేసి ఉంది. ఒక్క వెంట్రుక బయటికి లేదు.

"నువ్వే వేసుకున్నావా?" అన్నాడు బాబాయి.

పిన్ని చెయ్యి మెల్లగా తల మీదికి వెళ్లింది. "లేదండీ" అంది.

ఒక గుడ్డ అంచు ముక్కతో ఆ ముడిని బిగించి కట్టి ఉంది. టైలరు దాన్ని చూస్తూ చూస్తూ గోడ పట్టుకుని కిందికి జారిపోయాడు.

"మూడేళ్లు… నా తప్పుని దెయ్యమని దాని మీదకే తోశాను" అన్నాడు.

మర్నాడు పొద్దున్న అవే మెట్ల మీద నిలబడి, జరిగింది జరిగినట్టు వీధికంతా చెప్పాడు. ఆ గదిలో మళ్లీ ఎవరి జడా ఎవరూ లాగలేదు. 

మా బాబాయి ఇప్పుడు కరెంటు పోతే చాలు, లేచి వెళ్లి ఇంట్లో ప్లగ్గులన్నీ పీకుతాడు. ఆ గుడ్డ ముక్క ఇంకా పిన్ని పెట్టెలోనే ఉంది, నేను చూశాను. ఇది ఎక్కడినుంచి వచ్చింది బాబాయ్ అని అడిగాను.

"నాకు తెలీదే" అన్నాడు.