వళ్లి రెసిడెన్సీలో ఏటివైపు గది

మదురైలో వైగై గట్టున వళ్లి రెసిడెన్సీ అని ఒక హోటల్ ఉంది. చిన్నదే. ముందు ఒక ఆటో ఆగితే దారి మూసుకుపోతుంది. అయినా చిత్తిరై తిరునాళ్లకు అళగర్ స్వామి ఏట్లో దిగే రోజుల్లో అందులో గది దొరకాలంటే ఎవరిచేతనైనా చెప్పించుకోవాలి. అప్పుడు అన్ని గదులూ నిండిపోతాయి... ఒక్కటి తప్ప.

పై అంతస్తులో చివరిది. ఏటివైపు గది.

అందులో పడుకున్నవాళ్లకు నడిరేయి గాజుల చప్పుడు వినపడుతుందట. పసుపు వాసన వస్తుందట. ఎవరో ఆడమనిషి గుసగుసగా మాట్లాడి, ఉన్నట్టుండి కిసుక్కున నవ్వుతుందట. కోయంబత్తూరు నుంచి వచ్చిన ఒక మోటారు పంపుల వ్యాపారి, ఇంతేసి మీసాలున్న మనిషి, అర్ధరాత్రి దుప్పటి చుట్టుకొని కిందికి దిగొచ్చి రిసెప్షన్ సోఫాలో ముడుచుకొని పడుకున్నాడు. తెల్లారి అడిగితే "ఏసీ పడలేదు" అన్నాడు. ఆ గదిలో ఏసీ లేదు.

పేరు సంగతి కూడా చెప్పాలి. వళ్లి ఆ హోటల్‌వాళ్ల ఇంటి ఆడపిల్లే. హోటల్ కట్టకముందు అక్కడ వాళ్ల పాత ఇల్లుండేది. ఆ ఇంట్లోనే పదమూడేళ్లకు జ్వరంతో పోయింది. పోయిన పిల్ల పేరు బోర్డు మీద రాయించి, దాని చుట్టూ రాత్రంతా రంగు లైట్లు వెలిగించి పిలుస్తుంటే రాక ఏం చేస్తుంది పాపం అని వీధి చివర టీకొట్టు దగ్గర జనం నవ్వుకుంటారు. నవ్వుతారే గానీ, ఒక్క రాత్రి అందులో పడుకోమంటే మాత్రం ఎవరికీ తీరిక ఉండదు.

అట్లాంటి గదిలో ఆ మధ్య కోదండరామన్ పడుకున్నాడు. ఆ రాత్రి జరిగింది నేను విన్నది విన్నట్టే చెబుతాను. నమ్మడం, మానడం మీ ఇష్టం.

కోదండరామన్ పెరియకుళంలో ఫిజిక్స్ మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. వాళ్లది నాయకరాజుల కాలంలో ఇటు వచ్చిన తెలుగు కుటుంబం. ఆ కాలంలో వచ్చినవాళ్లంతా గుర్రాల మీదే వచ్చినట్టు చెప్పుకుంటారు, నడిచి వచ్చినవాడు ఒక్కడూ కనపడడు. కోదండరామన్ మాత్రం "మనవాళ్లు గుర్రాలకు గడ్డి వేసేవాళ్లేమో" అని పెళ్లి పందిళ్లలో అనేసి, అందరి ముఖాలూ మాడ్చేవాడు. ఎప్పుడూ నాస్తికుల నల్ల చొక్కా, దేవుడు లేడని ఊరూరా ఉపన్యాసాలు. నీళ్లతో దీపం వెలిగించడం, నిప్పులు తొక్కడం వంటి మహిమలన్నీ తనే చేసి చూపించి, కిటుకు కూడా చెప్పేసి, చూసినవాళ్ల సంతోషం చెడగొట్టడం ఆయనకు సరదా.

అట్లా వచ్చిన తెలుగువాళ్ల ఇళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. పెళ్లి కాకుండా పోయిన పిల్ల ఇంటికి దేవత అవుతుంది. ఆమె పేరున తాటాకు పెట్టెలో పావడ, దావణి, గాజులు, రిబ్బను పెట్టి భద్రంగా దాస్తారు. ఏటేటా తమిళుల ఆషాఢమైన ఆడి నెలలో ఒక శుక్రవారం కొత్త బట్టలు పెట్టి పొంగలి వండుతారు. దానికి ముందు తోడబుట్టినవాడు ఆ పెట్టెను నెత్తిన పెట్టుకొని ఏటిదాకా పోయి రావాలి.

వళ్లికి తోడబుట్టిన మగవాడు కోదండరామన్ ఒక్కడే. ఆయన ఏనాడూ ఆ పెట్టె ఎత్తలేదు. ఆయనకు బదులు అక్క అంజలమ్మ కొడుకు కృష్ణరాజ్ మోస్తూ వచ్చాడు. హోటల్ అతనిదే, కాపురమూ కింది అంతస్తులోనే. కోదండరామన్ పూజకు రాడు గానీ, పూజ భోజనానికి మాత్రం పెరియకుళం బస్సెక్కి వేళకు దిగిపోయేవాడు, సాయంత్రం బస్సుకే వెళ్లిపోయేవాడు.

ఈసారి కృష్ణరాజ్ ఆయన్ని ముందురోజే రమ్మన్నాడు. కారణం అతని కూతురు నివేదిత ఫోన్‌లో చదివి వినిపించింది. ఎవరో హోటల్ గురించి ఇంటర్నెట్‌లో రాశారు: "బాత్రూమ్ శుభ్రంగా ఉంది. దెయ్యం ఉంది. మూడు స్టార్లు."

"మామా, నువ్వొక్క రాత్రి దాంట్లో పడుకొని లేస్తే చాలు. అందరి నోళ్లూ మూతపడతాయి" అన్నాడు కృష్ణరాజ్.

"ఒక్క రాత్రి యాలరా, ఆడి నెలంతా పడుకుంటా. దెయ్యమూ లేదు, దేవతా లేదు. ఉండేది ఒక తాటాకు పెట్టె, నాలుగు పాత గుడ్డలు. సుమ్మా, ఊరికే దాన్ని నెత్తిన పెట్టుకొని తిరగతా ఉండారు మీరు."

చిన్నుల్లిపాయలు ఒలుస్తున్న అంజలమ్మ చెయ్యి ఆగిపోయింది.

"పాత గుడ్డలా అవి?" అంది మెల్లగా. "సరి. ఈ రాత్రి ఆ గదిలో పడుకో. తెల్లారేదాకా తలుపు తియ్యకుండా ఉండినావంటే, పెట్టెను ఏట్లో విడిచేస్తా. ఇంక పూజ లేదు, పొంగలి లేదు. నడమ తలుపు తీసుకొని పరిగెత్తుకొచ్చినావంటే... రేపు పెట్టె నువ్వే ఎత్తాల. సమ్మతమా?"

"అమ్మా, ఏం మాటలవి!" అన్నాడు కృష్ణరాజ్.

 అక్క అంత మాట అంటుందని కోదండరామన్ అనుకోలేదు. కానీ వెనక్కి తగ్గడం ఆయనకు జన్మలో అలవాటు లేదు.

"సమ్మతం" అన్నాడు.

రాత్రి భోజనాలయ్యాక గదిలోకి పోయి గడియ పెట్టుకున్నాడు. టార్చిలైటు, ఫ్లాస్కు, గుండె మాత్రలు బల్ల మీద పేర్చుకున్నాడు. ఒక చప్పుడు... బల్లి. ఇంకో చప్పుడు... నీళ్ల ట్యాంకు. కిటికీ రెక్క కొట్టుకుంది... గాలి. ప్రతి చప్పుడుకీ కారణం పైకే చెప్పుకున్నాడు. వినేవాళ్లు లేకపోయినా పాఠం పాఠమే కదా.

తర్వాత కిటికీ దగ్గర నిలబడి ఏటిని చూశాడు. వైగై పేరుకే ఏరు. ఇసక, ముళ్లకంపలు, నడుమ ఒక సన్నటి నీటి పాయ. కానీ చిన్నప్పటి ఆ రాత్రి అట్లా లేదు. వళ్లికి జ్వరం ఎక్కువైన రాత్రి రెండు గట్లూ ఒరుసుకొని పారింది. ఆసుపత్రి అవతలి ఒడ్డున. దగ్గర్లో ఉన్న ఒక్క ఎత్తు తక్కువ వంతెనా నీళ్లలో మునిగిపోయింది. మీసాలు కూడా రాని కోదండరామన్ వానలో గట్టున నిలబడి, తెల్లవార్లూ చేతులు జోడించి, "తగ్గు తల్లీ... తగ్గు..." అని ఏటిని బతిమాలాడు. ఏరు మర్నాడు మధ్యాహ్నానికి తగ్గింది. అప్పటికి వళ్లి లేదు.

ఆ రోజు నుంచి ఆయన ఎవరికీ దండం పెట్టలేదు. ఉపన్యాసాల్లో ఎన్నో కారణాలు చెప్పేవాడు గానీ అసలు కారణం ఇదొక్కటే. చెల్లెలి మీద ప్రేమ లేక కాదు పెట్టె ఎత్తనిది. అడిగినప్పుడు ఇవ్వని దేవుళ్ల మీద కోపం, అంతే. ఆ కోపం ఇన్నేళ్లయినా చల్లారలేదు.

దీపం ఆర్పి పడుకున్నాడు. కన్ను అంటుకుందో లేదో —

గల్.

కళ్లు తెరిచాడు. చీకటి.

గల్... గల్...

గాజులు. సందేహం లేదు. బల్లి గాజులు తొడుక్కోదు, నీళ్ల ట్యాంకూ తొడుక్కోదు. టార్చి కోసం చెయ్యి చాపుదామంటే చెయ్యి దుప్పట్లోంచి బయటికి రానంది. అప్పుడు మెల్లగా, గది నిండా... పసుపు వాసన.

కోదండరామన్ దుప్పటి తలమీదికి లాక్కున్నాడు. ఇట్లాంటప్పుడు మనమైతే ఆంజనేయుణ్ని తలుచుకుంటాం. ఆయనకు ఆ దారి లేదు గనక, పెదవులు కదిలిస్తూ న్యూటన్ సూత్రాలు చదువుకున్నాడు. మొదటిది వచ్చింది. రెండోది రాలేదు.

"వళ్లీ... మేలుకొని ఉండావా?"

తల దగ్గరే. చెవి పక్కనే. అదీ ఇంటి తెలుగులో!

"కొత్త పావడ తెచ్చినానే. పచ్చది... గాజులు చూడు. ఇవీ వదులేనా నీకు? తింటేగదా చెయ్యి పెరిగేది..." కిసుక్కున నవ్వు. ఆ వెంటే, పొగాకు నమిలే మనుషులకు వచ్చే పొడి దగ్గు.

ఆ దగ్గు కోదండరామన్‌కు పుట్టినప్పటి నుంచీ తెలుసు.

దుప్పటి తీసి, తలవైపు గోడను వేలితో తడిమాడు. గోడ చల్లగా లేదు. గోరుతో మీటాడు. డొల్ల. సిమెంటు రంగు వేసిన చెక్కపలక! పాత ఇంటి మేడమీది దేవుడి మూలను కదపొద్దని అంజలమ్మ పట్టుబడితే, దాన్ని అట్లాగే ఉంచి అడ్డంగా పలక కొట్టించి ఇవతల గది చేశారన్నమాట. పెట్టె ఉన్నది అవతలే. దానికి వంటింట్లోంచి వేరే మెట్లు. పగలు మోకాళ్ల నొప్పి అని బస్సు కూడా ఎక్కని మనిషి, అందరూ నిద్రపోయాక ఆ మెట్లెక్కి వచ్చి చెల్లెలితో కబుర్లు చెబుతోంది. కన్న కొడుక్కి కూడా తెలియనీయకుండా!

కోదండరామన్‌కు నవ్వొచ్చింది. ఇన్నేళ్ల ఉపన్యాసాలకు ఇంతకంటే మంచి రుజువు ఎక్కడ దొరుకుతుంది? "అక్కా, దొరికినావు!" అని అరవబోయి నోరు తెరిచాడు.

"మీ అన్న వచ్చినాడే" అంది అవతలి గొంతు. "ఈ పక్కనే పడుకొని ఉండాడు. నువ్వు వాణ్ని ఏమీ చెయ్యొద్దు తల్లీ. కోపంలో నేనే పందెం కట్టేసినా. వానికి గుండెకు మాత్ర ఇస్తా ఉండారు. పైకి పులి మాదిరి అరిచినా, చిన్నప్పటి నుంచీ పిరికోడే గదా. రాత్రి పెరట్లోకి పోవాలన్నా నువ్వు లాంతరు పట్టుకొని తోడు పోవాల..."

చీకట్లో కోదండరామన్ చెవులు వేడెక్కాయి. అది అబద్ధం కాకపోవడమే ఆయన బాధ.

"వాణ్ని గెలవనీ. పెట్టె ఏట్లో పోతే పోనీ... నాకు ఏడుపొస్తుంది, ఏడస్తా. నువ్వు ఇన్నేళ్లు నాతో ఉండినావు, చాలు. నాకింక మిగిలింది వాడొక్కడే." గాజులు మళ్లీ గల్లుమన్నాయి. "ఆ రాత్రి మేమంతా ఇంట్లో ఏడస్తా కూర్చున్నాం. వానలో నిలబడి నీ కోసరం దండం పెట్టినోడు వాడొక్కడే. ఆ పైన ఇంకెవరికీ పెట్టలేదు, చూస్తా ఉండావు గదా... నీ కోసరం పెట్టిందే వాని ఆకరి దండం."

తర్వాత పెట్టె మూసిన చప్పుడు. మెట్ల మీద అడుగులు... ఒకటి... ఆగి, ఇంకొకటి... కిందికి దిగిపోయాయి. దూరంగా వంటింటి తలుపు మూసుకుంది.

కోదండరామన్ మంచం మీదే కూర్చుండిపోయాడు. అరచెయ్యి ఆ పలక మీద ఆనించాడు. ఎందుకు ఆనించాడో ఆయనకే తెలీదు. కళ్లు కారుతుంటే తుడుచుకోలేదు. మాట్లాడలేదు, కదల్లేదు. ఏటి అవతల మొదటి బస్సు హారన్ వినపడేదాకా అట్లాగే కూర్చున్నాడు.

గెలుపు చేతిలో ఉంది. ఇంకొంచెం సేపు ఊరుకుంటే చాలు, తెల్లారిపోతుంది. పెట్టె ఏట్లో పోతుంది.

లేచి, చీకటి ఉండగానే, తలుపు తీసి పరిగెత్తాడు.

పరుగు బాగానే పరిగెత్తాడు గానీ, కేక వెయ్యాలన్న సంగతి సగం మెట్లు దిగాక గుర్తొచ్చింది. "అయ్యో! అక్కా! ఉంది... ఉందే!" రిసెప్షన్‌లో కునుకు తీస్తున్న కృష్ణరాజ్ ఎగిరిపడి, సంగతి అర్థమయ్యాక తల పట్టుకున్నాడు. తాత గెలుపును వీడియో తీద్దామని అలారం పెట్టుకొని కాచుకున్న నివేదిత ఫోన్ పట్టుకొని ఎదురొచ్చింది.

"ఏం చూసినారు తాతా?"

"తెల్లగా... పెద్దగా..."

"కాళ్లు ఉండినాయా?"

"కాళ్లు చూసేంత ధైర్యముంటే ఎందుకు పరిగెత్తుకొస్తా అమ్మా!"

అంజలమ్మ వంటింటి గడపలో నిలబడి ఆయన ముఖం కేసి చాలాసేపు చూసింది. "తానం చేసి రా. పెట్టె ఎత్తాల" అంది. అంతే.

ఎండ వచ్చేసరికి కోదండరామన్ నెత్తిన తాటాకు పెట్టెతో ఏటివైపు నడిచాడు. నల్ల చొక్కా విప్పడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఆ చొక్కా, ఆ పెట్టె చూసి టీకొట్టు దగ్గర జనం గ్లాసులు కిందపెట్టారు. కృష్ణరాజ్, నివేదిత వెనకపడ్డారు. అంజలమ్మ తమ్ముడి మోచెయ్యి పట్టుకొని పక్కనే నడుస్తోంది.

గట్టు దిగుతుండగా ఆమె గొంతు తగ్గించి అడిగింది.

"చెయ్యి నొప్పిగా ఉందా నాయనా?"

"పెట్టె బరువేమీ లేదులే అక్కా."

"పెట్టె గాదు. నేను పోయినాక, మొదటి బస్సు వచ్చేదాకా పలక మీద చెయ్యి ఆనించుకొని ఏడస్తా కూర్చున్నావంటనే?"

కోదండరామన్ టక్కున ఆగిపోయాడు. గదికి గడియ. కిటికీ ఏటివైపు. ఆమె దిగిపోయిన అడుగులు, తలుపు మూసిన చప్పుడు తన చెవులతో విన్నాడు.

"ఎవరు... చెప్పినారు?"

అంజలమ్మ కళ్లెత్తి ఆయన నెత్తిమీది పెట్టెను చూసింది.

"ఇంకెవరు చెప్తారురా? పలక అవతల నుంచి అదీ చెయ్యి ఆనించుకొనే ఉండిందంట."